బొమ్మలు గీయడం రాకపోయినా బొమ్మల కథలు రాయొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా యానిమేషన్, కామిక్స్ రచన గురించే. అందుకే మిగతావి వచ్చేసారికి పెట్టి, వీటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ ఫైనలియర్, ఫిజిక్స్. బెన్ 10, జస్టిస్ లీగ్ చూస్తూ పెరిగాను. కథలు రాస్తాను కానీ బొమ్మలు అస్సలు రావు. కామిక్స్‌కీ, యానిమేషన్‌కీ రాసి బతకొచ్చా? ఇంట్లో "ఫిజిక్స్ చదివి ఇదేం పని" అంటున్నారు. (ఓ పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: తమ్ముడూ, ముందు మీ ఇంట్లోవాళ్ళకి డ్వేన్ మెక్‌డఫీ అనే రచయిత గురించి చెప్పండి. మీరు చిన్నప్పుడు చూసిన ఆ రెండింటి వెనకా ఆయన చెయ్యి ఉంది. 1962లో అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టాడు, మిషిగన్ యూనివర్సిటీలో ఇంగ్లిష్‌తో పాటు ఫిజిక్స్ కూడా చదివాడు, తర్వాత న్యూయార్క్ వెళ్ళి ఫిల్మ్ స్కూల్లో చేరాడు. ఆ తర్వాత కూడా నేరుగా కథల్లోకి రాలేదు. ఒక బిజినెస్ పత్రికలో కాపీ ఎడిటర్‌గా తప్పులు దిద్దుకుంటూ ఉండగా, స్నేహితుడొకరు మార్వెల్ అనే కామిక్స్ కంపెనీలో అసిస్టెంట్ ఎడిటర్ ఉద్యోగం ఉందని చెబితే అక్కడికి వెళ్ళాడు. అక్కడ ఆయన రాసిన 'డ్యామేజ్ కంట్రోల్' ఆలోచన చూడండి. సూపర్ హీరోలు కొట్టుకుని కూలగొట్టిన బిల్డింగుల శిథిలాలు ఎవరు ఎత్తుతారు? ఆ పని చేసే కంపెనీ వాళ్ళ కథ అది. ఇందులో కొత్త శక్తులు లేవు, కొత్త లోకం లేదు, అందరూ చూస్తున్న దాంట్లో ఎవరూ అడగని ఒక్క ప్రశ్న ఉందంతే. రచయిత పని అదే, దానికి పెన్సిల్ పట్టడం రానక్కర్లేదు.

తర్వాత మరో ముగ్గురితో కలిసి మైల్‌స్టోన్ అనే సంస్థ పెట్టాడు. నల్లజాతి పిల్లలకి తమలాంటి హీరోలు కామిక్స్‌లో కనిపించాలన్నది వాళ్ళ పట్టుదల. 1993లో పుస్తకాలు మొదలయ్యాయి. అందులోంచి వచ్చినవాడే స్టాటిక్, అసలు పేరు వర్జిల్ హాకిన్స్, సైన్స్ అంటే ప్రాణం పెట్టే హైస్కూల్ కుర్రాడు, వాడి శక్తి విద్యుదయస్కాంతం. మీ ఫిజిక్స్ ఎక్కడికీ పోదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి! ఆ పుస్తకాలు 1997లో ఆగిపోయాయి. అంతా అయిపోయిందనుకున్న మూడేళ్ళకి, 2000లో, అదే కుర్రాడు 'స్టాటిక్ షాక్' పేరుతో టీవీలోకి వచ్చి 52 ఎపిసోడ్లు నడిచాడు. అందులో, తోటిపిల్లల వేధింపులు భరించలేక స్కూలుకి తుపాకి తెచ్చిన ఒక కుర్రాడి కథకి అలన్ బర్నెట్‌తో కలిసి మెక్‌డఫీకి 2003లో, మానవీయ విలువలున్న సినిమా, టీవీ రచనకి ఇచ్చే హ్యుమానిటాస్ బహుమతి వచ్చింది. పిల్లల కార్టూన్ కదా, ఎలా రాసినా చెల్లుతుంది అనేవాళ్ళకి ఆ ఎపిసోడ్ చూపించండి. 2011 ఫిబ్రవరిలో, 49వ పుట్టినరోజు మర్నాడే చనిపోయాడు. ఆయన స్క్రిప్ట్ రాసిన సూపర్‌మ్యాన్ యానిమేషన్ సినిమా ఆ మర్నాడు విడుదలైంది. ఎప్పుడు తలుచుకున్నా మనసు చివుక్కుమంటుంది.

ఇంకో సంగతి, బెన్ 10ని మొదట పుట్టించిన నలుగురూ కామిక్స్ రచయితలే. కామిక్స్ రాయడం, యానిమేషన్ రాయడం ఒకే ఇంట్లో రెండు గదుల్లాంటివి, ఇందులోంచి అందులోకి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఇక బతకడం గురించి. మన హైదరాబాద్‌లో యానిమేషన్‌కి ఏం తక్కువ లేదు. ఛోటా భీమ్ పుట్టింది ఇక్కడే, రాజీవ్ చిలక 2001లో పెట్టిన గ్రీన్ గోల్డ్‌లో. భీమ్ టీవీలోకి వచ్చింది 2008లో, అంటే మధ్యలో ఏడేళ్ళున్నాయి. కానీ ఇక్కడి స్టూడియోల్లో చాలా పని విదేశీ ఆర్డర్లు, వాటికి స్క్రిప్టు అక్కడి నుంచే రాసి వస్తుంది. అందుకే బొమ్మలు కదిలించేవాళ్ళకి ఉన్నన్ని ఉద్యోగాలు రాసేవాళ్ళకి ఉండవు. కాబట్టి డిగ్రీ పూర్తి చెయ్యండి, నెల జీతం వచ్చే పని ఒకటి చూసుకోండి, రాయడం మాత్రం ఆపకండి. మెక్‌డఫీ చేసిందీ అదే.

ప్రశ్న: నా కథలు రెండు పత్రికల్లో వచ్చాయి. వాటినే కామిక్ స్క్రిప్టుగా రాసి ఓ ఆర్టిస్ట్‌కి ఇస్తే "ఇందులో గీయడానికి ఏముందండీ" అన్నారు. ఎక్కడ పొరపాటు? (ఓ పాఠకురాలు, సైనిక్‌పురి)

జవాబు: మీరు పంపిన పేజీలో ఈ వాక్యం ఉంది: "గాలిపటం కోసం పిట్టగోడ ఎక్కబోయిన చిన్నాకి అమ్మ మాట గుర్తొచ్చి భయంతో ఆగిపోయాడు." కథలో ఇది బాగుంది. ఆర్టిస్ట్ పక్కన కూర్చుని ఆలోచించండి. అమ్మ మాట గుర్తురావడాన్ని ఎలా గీస్తారు? ఎక్కబోవడం, ఆగిపోవడం రెండూ ఒకే గడిలో ఎలా పడతాయి? గడిలో బొమ్మ కదలదు, ఒక గడికి ఒక్క పనే.

నేనైతే ఇలా విడగొడతాను. మొదటి గడి: పిట్టగోడ అంచు మీద చిన్న చెయ్యి, వేళ్ళకి మాంజా కోసిన గీతలు. రెండోది: కింద నుంచి చూస్తే ఆకాశం, కేబుల్ వైరుకి చిక్కుకుని ఊగుతున్న ఎర్ర గాలిపటం, గోడ మీదికి లేచిన ఒక కాలు. మూడోది: కింద సందులో పాల ప్యాకెట్లతో నిలబడి పైకి చూస్తున్న అమ్మ, చాలా చిన్నగా. నాలుగోది: డాబా మీద చిన్నా రెండు పాదాలు, పక్కన ఒక్క చెప్పే. రెండో చెప్పు ఏమైందో చదివేవాళ్ళు వాళ్ళే వెతుక్కుంటారు. మాట ఒక్కటీ లేదు, "భయం" అన్న ముక్క ఎక్కడా రాయలేదు.

యానిమేషన్‌కి రాసేటప్పుడు ఇంకో లెక్క తోడవుతుంది. సినిమాలో "జనం గుంపుగా పరిగెత్తారు" అని రాస్తే జూనియర్ ఆర్టిస్టులు వచ్చి పరిగెడతారు. ఇక్కడ ప్రతి మనిషినీ ఎవరో ఒకరు తయారు చెయ్యాలి, కదిలించాలి. సెకనుకి 24 ఫ్రేములు. రెండేసి ఫ్రేములకి ఒక బొమ్మ చొప్పున వేసుకున్నా సెకనుకి 12 బొమ్మలు. వాన, నీళ్ళు, ఎగిరే చీర కొంగు, గుర్రాలు, అన్నీ ఖర్చే. అలాగని వాన రాయొద్దని కాదు, ఆ వాన లేకపోతే కథ నిలవదు అన్నచోటే రాయండి. ఇంకోటి, సెట్‌లో నటుడు డైలాగ్‌ని ఎలాగోలా పండించి మీ సీన్‌ని కాపాడతాడు. ఇక్కడ ఆ అవకాశం చాలా తక్కువ, పేజీ మీద లేనిది స్టోరీబోర్డులోకి, అంటే సీన్లని వరసగా బొమ్మల్లో వేసుకునే కాగితాల్లోకి, దానంతటదే రాదు.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కామిక్స్ దొరుకుతాయి. నాలుగు తెచ్చుకుని, మాటలున్న బెలూన్ల మీద కాగితం అతికించి చదవండి. అప్పుడు కూడా కథ అర్థమైతే ఆ రచయితని పట్టుకోండి, ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ అయిపోయింది, యానిమేషన్ అంటోంది. ఒక ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు, ఫీజు వింటే గుండె ఆగినంత పనైంది. (ఓ తల్లి, మల్కాజ్‌గిరి)

జవాబు: గ్యారంటీ అన్న మాట నమ్మి ఫీజు కట్టకండమ్మా. కిందటేడు అక్కడ చదివిన పిల్లలు ఇద్దరు ముగ్గురితో మీరే మాట్లాడండి, వాళ్ళు చేసిన పని చూపించమనండి. మాసబ్‌ట్యాంక్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ప్రభుత్వ యూనివర్సిటీ, అక్కడ యానిమేషన్‌లో బీఎఫ్ఏ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. ముందు అటు ప్రయత్నించండి. అమ్మాయికి ఇష్టం గీయడమా, కంప్యూటర్ మీద కదిలించడమా, కథ చెప్పడమా అన్నది కూడా తేల్చుకోమనండి. కథ చెప్పడమే అయితే లక్షలు పోసి సాఫ్ట్‌వేర్ కోర్సు అక్కర్లేదు.

ప్రశ్న: యానిమేషన్ సీరియల్స్‌లో రచయిత పేరే ప్రొడ్యూసర్ అనీ పడుతుంది. డబ్బు కూడా ఆయనే పెడతాడా? (ఓ పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: మామూలుగా పెట్టడు. అమెరికా పద్ధతిలో, కథ మొదటి రోజు నుంచి చివరి మిక్సింగ్ దాకా చెడిపోకుండా చూసుకునే బాధ్యత ఆయనది. మిగతా రచయితల స్క్రిప్టులు దిద్దడం, గొంతుల రికార్డింగ్ దగ్గర కూర్చోవడం, స్టోరీబోర్డులు చూడటం, చానల్‌వాళ్ళతో వాదించడం, అన్నీ ఆయనే. మన దగ్గర ఈ కుర్చీ ఇంకా గట్టిగా ఏర్పడలేదు. ఏర్పడాలి. కథ పుట్టించినవాడు మూడో నెలకే బయటివాడైపోతే ఆ పాత్ర పదేళ్ళు బతకదు.

ప్రశ్న: ఒక స్టూడియోకి కథ చెప్పాను, "మొత్తం రాసి పంపండి, చూద్దాం" అన్నారు. పంపాలంటే టెన్షన్‌గా ఉంది. (ఓ పాఠకుడు, ఉప్పల్)

జవాబు: టెన్షన్ పడటంలో తప్పు లేదు, కానీ దాచుకుని కూర్చుంటే లాభమూ లేదు. చట్టం ఉత్త ఆలోచనని కాపాడదు, మీరు రాసిన రూపాన్ని కాపాడుతుంది. అందుకని నోటితో చెప్పడం తగ్గించి, కాగితం మీద పెట్టండి. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం తీసుకుంటే ఆన్‌లైన్‌లోనే స్క్రిప్టు రిజిస్టర్ చేసుకోవచ్చు. కాపీరైట్ ఆఫీసులోనూ చేసుకోవచ్చు. ఆ తర్వాత మెయిల్‌లో పంపండి, తారీఖుతో సహా రికార్డు ఉంటుంది.

అసలు జాగ్రత్త కాంట్రాక్టు దగ్గర. మీరు జీతానికి ఉద్యోగిగా చేరి, ఆ ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు హక్కు యజమానిదే. బయటి నుంచి రాస్తూ హక్కులు ఇచ్చేస్తుంటే అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళకి అని రాయకపోతే చట్టం ఐదేళ్ళే అనుకుంటుంది, ఏ ప్రాంతానికి అని రాయకపోతే భారతదేశం వరకే. ఈ రెండు ఖాళీలనీ వాళ్ళ లాయరు నింపకుండా వదలడు, అందుకే నింపింది మీరు చదవాలి. మెక్‌డఫీవాళ్ళ మైల్‌స్టోన్ తన పుస్తకాల ప్రచురణ, పంపిణీ డీసీ లాంటి పెద్ద కంపెనీకి అప్పగించి కూడా పాత్రల హక్కుని మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. సంతకం పెట్టే ముందు "ఈ పాత్రతో రేపు కామిక్, బొమ్మలు, గేమ్ వస్తే నాకేంటి" అని అడగండి, వచ్చిన జవాబుని ఆ కాగితంలోనే రాయించండి. ఒక లాయరుకి చూపించి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.