చలికి పొడిబారిన ముఖానికి ఫాల్గుణంలో పెళ్లి మేకప్: ముందు స్క్రబ్ ఆపు చెల్లీ

చెల్లీ, నువ్వు అడిగింది ఇదీ: చలికాలంలో ముక్కు పక్కల, గడ్డం మీద పొట్టు లేస్తోంది, ఫౌండేషన్ వేస్తే అతుకులు పడుతోంది, ఐదు వారాల్లో పెళ్లి, ముఖం మెరవాలంటే రోజూ స్క్రబ్ చేయాలా, పార్లర్‌లో ఫేషియల్ ప్యాకేజీ తీసుకోవాలా అని. నేను హన్మకొండలో ఉంటాను, పెళ్లి ఇళ్లకు వెళ్లి మేకప్ చేస్తాను. పరకాల, హుజూరాబాద్, జమ్మికుంట వైపు ఎక్కువ తిరుగుతుంటాను. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే నా ముందు కూర్చునే పెళ్లికూతుళ్లు చాలామంది నీ మాటే చెబుతారు.

స్క్రబ్ మానెయ్. ఈ రోజు నుంచే.

పొట్టు కనబడితే రుద్ది తీసేయాలని అనిపించడం సహజమే. కానీ ఆ పొట్టు మురికి కాదు, చర్మం పై పొరే. ఆ పొరలో మృతకణాల మధ్య కొవ్వులు ఉంటాయి. సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. లోపలి తేమ బయటికి పోకుండా ఆపేవి అవే. జనవరిలో మన దిక్కు గాలి ఎంత పొడిగా ఉంటుందో నీకు తెలుసు, ఆదిలాబాద్ వైపైతే తెల్లవారుజామున పది డిగ్రీల కిందికి పడుతుంది. ఆ గాలికి తోడు హీటర్ నీళ్లతో ముఖం కడగడం, సబ్బు రుద్దడం. ఉన్న కొవ్వు కాస్తా పోతుంది. మామూలుగా మృతకణాలు ఒక్కొక్కటిగా, కంటికి కనబడకుండా రాలిపోతాయి. వాటిని విడదీసే ఎంజైములు పనిచేయాలంటే తేమ కావాలి. తేమ లేకపోతే కణాలు విడిపోకుండా గుంపులుగా లేస్తాయి, అదే నువ్వు చూస్తున్న పొట్టు. స్క్రబ్ చేస్తే ఒక పూట నున్నగా ఉంటుంది, కింద ఉన్న పొర కూడా దెబ్బతిని మళ్లీ అంతకంటే ఎక్కువ లేస్తుంది. దాని మీద ఎంత ఖరీదైన ఫౌండేషన్ వేసినా పెచ్చులూడుతున్న గోడకు రంగు కొట్టినట్టే.

నీ వయసులో పై పొర మొత్తం మారడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. నీకు ఐదు వారాలు ఉంది కాబట్టి టెన్షన్ అక్కర్లేదు, దాన్ని దాని మానాన వదిలేస్తే చాలు. నా అనుభవంలో పెళ్లి రోజు మేకప్ బాగా పట్టేది ఎక్కువ చేయించుకున్న వాళ్లకు కాదు, తక్కువ చేసిన వాళ్లకు.

కడగడం దగ్గర మొదలుపెట్టు. మామూలు సబ్బు పీహెచ్, అంటే ఆమ్ల-క్షార కొలత, 9 నుంచి 10 దాకా ఉంటుంది, ముఖం చర్మానిది 5 దగ్గర. పైగా మన కాలనీల్లో చాలా ఇళ్లలో బోరు నీళ్లే. ఉప్పు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా మారతాయి, బకెట్ అంచుకు పట్టేది అదే. ముఖానికీ పడుతుంది. అందుకే సబ్బు లేని, నురగ తక్కువ వచ్చే ఫేస్‌వాష్ తీసుకో, అది రాత్రి ఒక్కసారే. పొద్దున ఉత్త నీళ్లు చాలు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, పెయ్యికి పోసుకునే వేడి నీళ్లు ముఖానికి వద్దు.

ముఖం పూర్తిగా తుడుచుకోకముందే, తడి ఉండగానే క్రీము రాయి. గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్న మామూలు మాయిశ్చరైజర్ ఏదైనా సరే. రాత్రి పూట పొట్టు లేచే చోట దాని మీద సన్నగా పెట్రోలియం జెల్లీ. ఇంతే, రెండు వారాల్లో తేడా కనబడుతుంది. ఇంట్లో గ్లిజరిన్, రోజ్‌వాటర్ కలిపి రాసుకునే అలవాటు ఉంటే రాసుకో, కానీ పైన క్రీము తప్పనిసరి. పొడి గాలిలో గ్లిజరిన్ ఒక్కటే ఉంటే తేమను చర్మం లోపలి నుంచే లాగుతుంది. కొబ్బరి నూనె ఒంటికి మంచిదే, మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం వద్దు, రంధ్రాలు మూసుకుపోతాయి.

సున్నిపిండి సంగతి అమ్మమ్మలు అడుగుతారు. వాళ్లు ముందు నూనె బాగా పట్టించి, అది ఇంకాక నలుగు పెట్టేవాళ్లు. మనం నూనె మానేసి శెనగపిండి మాత్రం రుద్దుతున్నాం. చేతులకు, కాళ్లకు నూనెతో పాటు పెట్టుకో. ముఖానికి ఈ ఐదు వారాలు వద్దు. నిమ్మరసం అసలే వద్దు, రాసుకుని ఎండలోకి వెళితే నల్ల మచ్చలు, బొబ్బలు వచ్చే ప్రమాదం ఉంది.

ఒక్క అనుమానం. ముక్కు పక్కల పొట్టు కాస్త పసుపుగా, జిడ్డుగా ఉండి, కింద ఎర్రగా, దురదగా ఉందా? తలలో చుండ్రు కూడా ఉందా? ఉంటే అది ఉత్త పొడిదనం కాకపోవచ్చు, సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు. చలికాలంలో పెరుగుతుంది. దానికి క్రీములు, నూనెలు ఎంత రాసినా తగ్గదు, ఫంగస్ మందు కావాలి. స్కిన్ డాక్టర్‌ను కలువు, వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా చూపించుకోవచ్చు. పెళ్లి దగ్గర పడ్డాక వెళ్లకు, ఈ వారమే వెళ్లు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పెళ్లి కుదిరిందనగానే ఎవరో ఒక వదినో, మెడికల్ షాపు అతనో చిన్న ట్యూబు చేతిలో పెడతారు, 'పది రోజుల్లో తెల్లగా అవుతావు' అని. వాటిలో చాలావాటిలో స్టిరాయిడ్ ఉంటుంది, దానికి తోడు రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, పై పొర రాల్చే ట్రెటినాయిన్ కలిపినవీ ఉన్నాయి. మొదట్లో ముఖం నిజంగానే మెరుస్తుంది, అందుకే అందరూ నమ్ముతారు. వాడగా వాడగా చర్మం పలచబడి, సన్నటి రక్తనాళాలు బయటపడి, ఆపగానే ముఖమంతా ఎర్రగా మండుతుంది. స్టిరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకుండా 2018లో కేంద్రం నిబంధన కఠినం చేసింది, అయినా దొరుకుతూనే ఉన్నాయి. ట్యూబు మీద బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్ అని ఉంటే ముట్టుకోకు. ఇప్పటికే వాడుతుంటే నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపకు, డాక్టర్‌ను అడుగు.

ఫేషియల్ ప్యాకేజీకి డబ్బు పెట్టాలని నాకైతే అనిపించదు. నా వృత్తికి ఇది ఎదురు మాటే, అయినా అంతే. సరదాగా చేయించుకోవాలనుంటే పెళ్లికి పది రోజుల ముందు ఒక్కటి, స్టీమ్ తక్కువ, బ్లీచ్ లేకుండా. పొట్టు లేస్తున్న ముఖం మీద బ్లీచ్ పెడితే మంటే. త్రెడింగ్ మూడు, నాలుగు రోజుల ముందు చేయించుకో. మొటిమలకు, ముడతలకు రాసే రెటినాల్, అడాపలీన్ లాంటివి వాడుతుంటే ముఖానికి వ్యాక్సింగ్ వద్దు, తోలు లేచి వస్తుంది. చివరి పది రోజుల్లో కొత్త వస్తువు ఏదీ మొదలుపెట్టకు, ఎవరు గిఫ్ట్ ఇచ్చినా సరే.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ వెంటనే ఎండ. పెళ్లి బట్టలకు, కార్డులు పంచడానికి బండి మీద తిరిగేది సరిగ్గా అప్పుడే. ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవునా తీసి ముఖానికి, మెడకు రాయి. చాలామంది బఠాణీ గింజంత రాసి పని చేయలేదంటారు. స్కార్ఫ్ కట్టుకున్నా రాయాల్సిందే.

ఇక పెళ్లి ముందు రోజు. మైలపోలు తీసేటప్పుడు చుట్టాలందరూ పసుపు దట్టంగా పట్టిస్తారు, వద్దనలేం. దాని తర్వాత ముఖం పచ్చగా ఉండిపోయి మరునాడు ఫౌండేషన్ షేడ్ కలవదు. పసుపులో రంగునిచ్చే కర్కుమిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ముందే కనుబొమలకు, నుదుటి మీద జుట్టు అంచుకు, పెదాలకు పెట్రోలియం జెల్లీ రాసుకో. అయ్యాక సబ్బుతో గంటసేపు రుద్దకుండా, దూదితో నూనె అద్ది మెల్లగా తుడిచి, తర్వాత ఫేస్‌వాష్ వాడు. ఈ ఒక్క పనికి నూనె ముఖానికి తగిలినా పర్లేదు, వెంటనే కడిగేస్తావు కదా.

మేకప్ ఎలా ఉండాలన్నది మీ ఆర్టిస్ట్ చూసుకుంటుంది కానీ, ఫోన్లో చూసిన గాజులాంటి ముఖం కావాలని పట్టుబట్టకు. అవి ఏసీ గదిలో తీసిన వీడియోలు. ఫాల్గుణంలో మన ఫంక్షన్ హాల్లో హోమం పొగ, వీడియో లైట్లు, మధ్యాహ్నం వేడి. ముఖమంతా తడిగా మెరిసేలా చేస్తే పుస్తె కట్టే సమయానికి అది చెమటలా కనబడుతుంది. తేమంతా కింద ఉండాలి. మాయిశ్చరైజర్ రాసి పది నిమిషాలు ఆగమని చెప్పు. ఫౌండేషన్ కింద రాసే ప్రైమర్ ముక్కు పక్కల, నుదుటి మీదే. సిలికాన్ ప్రైమర్ మీద నీటి ఫౌండేషన్ వేస్తే ఉండలు కట్టే అవకాశం ఉంది, ఒకే రకం వాడమను. తడి స్పాంజితో అద్దాలి, లాగితే పొట్టు మళ్లీ లేస్తుంది. క్రీము బ్లష్ ముందు, పౌడర్ తర్వాత, అదీ నుదురు, ముక్కు, గడ్డం మీద మాత్రమే. మెరుపు సన్నటి హైలైటర్‌తో చెంప ఎముక మీద చాలు, చమ్కీ రకం వేస్తే ప్రతి పగులూ కనబడుతుంది. ట్రయల్ మధ్యాహ్నం పెట్టుకుని, బయట ఎండలో ఒక ఫొటో, ఫ్లాష్‌తో ఇంకో ఫొటో తీసి చూడు. పౌడర్ తెల్లగా కొట్టేది ఫ్లాష్‌లోనే బయటపడుతుంది.

చేతులు, కాళ్ల గురించి ఎవరూ అడగరు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, మెట్టెలు, పారాణి, అన్నిట్లో కెమెరా దగ్గరికొచ్చేది వాటి మీదికే. మడమలు పగిలి ఉంటే 10 శాతం యూరియా ఉన్న క్రీము రాత్రి రాసి సాక్సులు వేసుకుని పడుకో. లోతుగా పగిలి మంటగా ఉంటే పగుళ్లు మానేదాకా జెల్లీ ఒక్కటే. మెహిందీ పెట్టే రోజు మాత్రం చేతులకు ఏదీ రాయకు, రంగు సరిగా పట్టదు.

ఇప్పుడు ఏ ఫేస్‌వాష్, ఏ క్రీము వాడుతున్నావో, మొటిమలు వస్తాయో లేదో, పైన అడిగిన దురద, చుండ్రు సంగతీ రాయి. దాన్ని బట్టి ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చెబుతాను.