టమాటా పిలకలు గిల్లే ముందు కొస చూడండి

ప్రశ్న: పెరట్లో ఆరు టమాటా మొక్కలు వేశాం. ఆకు దట్టంగా ఉంది, పూత మాత్రం పలచగా ఉంది. పక్క కొమ్మలు తీసేస్తే కాపు బాగుంటుందని ఎవరో చెబితే రెండు మొక్కలకు అన్నీ తీసేశాను. ఒకటి పైకి సాగుతోంది. రెండోది నడుము ఎత్తు కూడా రాకుండానే ఆగిపోయింది. మిగతా నాలుగింటికి తీయమంటారా, వద్దంటారా?

జవాబు: రెండింటికీ ఒకే పని చేశారు, కానీ అవి రెండూ ఒకే రకం కావండి. టమాటాలో తీగలా సాగేవి ఉంటాయి, పొదలా గుబురుగా పెరిగి ఆగిపోయేవీ ఉంటాయి. తీగ రకం కొస ఎప్పుడూ కొత్త చిగురు వేస్తూనే ఉంటుంది, సుమారు మూడు ఆకులకో పూగుత్తి ఇస్తుంది. పొద రకంలో కొసనే పూగుత్తి వచ్చి ఎదుగుదల ఆగిపోతుంది. ఆ తర్వాత కాపంతా పక్క కొమ్మల మీదే. మీరు తీసేసింది వాటినే.

కాబట్టి మిగతా నాలుగు మొక్కలకూ ముందు కొస చూడండి. ఒకటి రెండు ఆకులకే గుత్తి కనిపిస్తూ, కొస కూడా పూతతో ముగుస్తుంటే అది పొద రకం. దాని జోలికి వెళ్లొద్దు. నేలను తాకే ఆకులు తీసి, ఒక కర్ర ఊతమిస్తే చాలు.

తీగ రకమైతే పిలకలు తీయొచ్చు. ఆకు తొడిమ కాండాన్ని కలిసే మూలలో, చంకలోంచి వచ్చినట్టు లేచేదే పిలక. పూగుత్తి అక్కడి నుంచి రాదు, రెండు ఆకుల నడుమ కాండం మీద నుంచి వస్తుంది. ఈ తేడా తెలియక పూతనే గిల్లేసేవాళ్లు చాలామంది. పిలక వేలెడు పొడవున్నప్పుడే, పొద్దున మంచు ఆరాక, పక్కకు వంచితే టప్పున విరుగుతుంది. కత్తెర అక్కర్లేదు. వేళ్లకు పచ్చటి జిడ్డు అంటుతుంది, సబ్బుతో కడిగితే పోతుంది. పొగాకు ముట్టుకున్న చేతులతో మాత్రం మొక్కను తాకకండి, ఆకులకు మచ్చలు తెచ్చే మొజాయిక్ వైరస్ పొగాకు నుంచి చేతుల మీదుగా అంటుకుంటుంది. మొక్క తడిగా ఉన్నప్పుడు కూడా ఈ పని వద్దు.

అన్నీ తీసి ఒకే కాండం ఉంచాలన్న పట్టుదల పెరటి తోటకు అక్కర్లేదు. మొదటి పూగుత్తికి సరిగ్గా కింద ఉన్న పిలక బలంగా ఉంటుంది. దాన్ని రెండో కాండంగా వదిలి, ఇంకా కిందవి తీసేయండి. నా సలహా అయితే ఇదే. కాయలు కాస్త ఆలస్యమైనా ఎక్కువ వస్తాయి, నీడా దొరుకుతుంది. చూసీ చూడక పిలక పెన్సిలంత లావైపోతే మొదలంటా లాగకండి, కాండం చీలుతుంది. రెండాకులు ఉంచి కొస తుంచితే సరి.

కాయ పట్టాక నేల నుంచి జానెడు ఎత్తు వరకు ఆకులు తీయండి. వానకో నీళ్లకో మట్టి చింది, వలయాల మచ్చల తెగులు ముందు ఆ ఆకులకే వస్తుంది. పైన కాయను కప్పిన ఆకులను మాత్రం తీయొద్దు. ఎండ సూటిగా తగిలితే ఆ వైపు తోలు తెల్లబడి కాగితంలా అవుతుంది. కాయలకు ఎండ తగిలితేనే పండుతాయన్నది అపోహ.

ఇక పూత పలచన సంగతి. ఆకు ముదురాకుపచ్చగా, దట్టంగా ఉండి పూత రాకపోతే అనుమానించాల్సింది నత్రజని ఎక్కువ కావడాన్నే. అది గిల్లితే తగ్గేది కాదు. యూరియా, పచ్చి పేడ కొన్నాళ్లు ఆపండి. పగలు 35 డిగ్రీలు దాటే రోజుల్లో పూత రాలడం మామూలే, దానికి టెన్షన్ పడొద్దు.

ఆగిపోయిన మొక్కను పీకేయకండి. కింది ఆకుల చంకల్లో మొగ్గలు మిగిలుంటే మళ్లీ పిలకలు వేస్తుంది, ఈసారి వాటిని ఉండనివ్వండి. తీగ మొక్క నుంచి తీసిన జానెడు పిలకలను నీళ్ల గ్లాసులో నీడన ఉంచితే వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి. తెగులు లేని మొక్కవైతేనే సుమా.