రొమేనియా రెస్క్యూ డాగ్ తెచ్చుకుందాం అనుకుంటున్నారా? ముందు టెస్టుల సంగతి అడగండి

యూకేకి వచ్చి కాస్త కుదురుకోగానే పిల్లలు కుక్క కావాలని మొదలెడతారు. ఇక్కడి షెల్టర్‌లో అడిగితే ఫ్లాట్‌లో ఉంటారు, గార్డెన్ లేదు, పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు అని కుదరదంటారు, ఈలోపు ఫేస్‌బుక్‌లో రొమేనియా నుంచో సైప్రస్ నుంచో ఓ కుక్క ఫోటో కనపడుతుంది, ఫారం నింపి డబ్బు కడితే వ్యాన్‌లో తెచ్చి ఇంటి దగ్గర దింపుతాం అంటారు. వద్దని నేను అనను, బాగానే చూసుకునే రెస్క్యూ వాళ్లూ ఉన్నారు. కాకపోతే "టెస్టులన్నీ క్లియర్ అండీ" అన్న మాట దగ్గర ఆగిపోకండి. ఏం టెస్టు, ఏ తేదీన, ఏ ల్యాబ్‌లో చేశారు, రిపోర్టు పంపండి అని అడగండి.

చాలామంది చేయించేది ఫోర్ డీఎక్స్ అనే కిట్ టెస్టు. అది హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు), పిడుదుల వల్ల వచ్చే లైమ్, ఎర్లికియా, అనాప్లాస్మా చూస్తుంది, అంతే. బ్రూసెల్లా, లీష్మానియా అందులో ఉండవు. అసలు భయపడాల్సింది ఆ రెండింటికే.

బ్రూసెల్లా కేనిస్ అనేది బ్యాక్టీరియా. కుక్క పైకి శుభ్రంగా కనపడుతుంది, ఏ లక్షణమూ లేకుండా నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి. ఈనినప్పుడు, గర్భస్రావం అయినప్పుడు వచ్చే ద్రవాల్లో ఎక్కువ ఉంటుంది, మూత్రంలో కూడా పోతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్క అయితే అంటించే ప్రమాదం తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. యాంటీబయాటిక్స్ ఇచ్చినా ఒంట్లోంచి మొత్తం పోయిందని ఎవరూ గ్యారంటీ ఇవ్వరు, అందుకే కొంతమందికి వెట్ ఇంజెక్షన్‌తో శాశ్వతంగా నిద్రపుచ్చే మాట కూడా ఎత్తుతాడు, అప్పటికి పిల్లలు దానికి పేరు పెట్టేసి పక్కలో పడుకోబెట్టుకుంటుంటారు. 2021 నుంచి ల్యాబ్‌లో పాజిటివ్ వస్తే ప్రభుత్వానికి చెప్పి తీరాలి. 2022లో ఇక్కడ కుక్క నుంచి మనిషికి సోకిన కేసు కూడా బయటపడింది. మనుషులకి రావడం అరుదే, కానీ ఇంట్లో గర్భిణి ఉన్నా, కీమో లాంటివి నడుస్తూ ఇమ్యూనిటీ తగ్గినవాళ్లున్నా నా మాట విని ఈ ఆలోచన వాయిదా వేయండి. ఇంకో ముఖ్యమైన సంగతి, సోకిన వెంటనే టెస్టు చేస్తే నెగటివ్ రావచ్చు, అందుకని బయల్దేరే ముందు ఒకసారి, ఇక్కడికొచ్చి మూడు నెలలయ్యాక మళ్లీ ఒకసారి చేయించాలి. రెండోది ఎవరూ గుర్తు చేయరు, మీరే చేయించుకోవాలి.

లీష్మానియా అనే పరాన్నజీవి జబ్బు శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ కుడితే వస్తుంది, స్పెయిన్, గ్రీస్, సైప్రస్ వైపు నుంచి వచ్చే కుక్కల్లో చూసుకోవాలి. ఆ ఈగ ఇక్కడ లేదు కాబట్టి మీకు అంటుకుంటుందన్న బెంగ దాదాపు అక్కర్లేదు. కుక్కకి మాత్రం అది జీవితాంతం ఉండిపోతుంది, ఏళ్ల తర్వాత కూడా బయటపడొచ్చు, చర్మం పొట్టు రాలడం, చిక్కిపోవడం, గోళ్లు బాగా పెరగడం, చివరికి కిడ్నీలు పాడవడం. ఇన్సూరెన్స్ వాళ్లు ముందే ఉన్న జబ్బు అని చేతులెత్తేస్తారు కాబట్టి పాలసీ ముందే చదువుకోండి.

హార్ట్‌వార్మ్ దోమల వల్ల వస్తుంది, సోకాక ఆరు నెలలకి గానీ టెస్టులో తేలదు. పేలూ పిడుదులూ ఉన్నాయేమో దిగగానే వెతకండి, బ్రౌన్ డాగ్ టిక్ అనే రకం ఇంట్లోనే గుడ్లు పెట్టి కాపురం పెట్టేస్తుంది.

ఇక రేబిస్. పన్నెండు వారాలు నిండాకే వ్యాక్సిన్, ఆ తర్వాత 21 రోజులు ఆగాలి, అంటే 15 వారాల లోపు కుక్కపిల్లని ఎవరైనా తెచ్చి ఇస్తున్నారంటే అక్కడే తేడా ఉంది. టేప్‌వార్మ్ (పేగుల్లో ఉండే బద్దెపురుగు) మందు యూకేలోకి రావడానికి 24 నుంచి 120 గంటల ముందు వేయించి ఉండాలి, పేపర్లలో తేదీతో పాటు టైము కూడా చూడండి. అడాప్షన్ కోసం తెచ్చే కుక్క కమర్షియల్ కిందకి వస్తుంది, హెల్త్ సర్టిఫికెట్ ఉండాలి, ఉత్త పెట్ పాస్‌పోర్ట్ చూపిస్తే నమ్మకండి. ఇండియా నుంచి తెద్దామనుకునేవాళ్లకి రేబిస్ బ్లడ్ టెస్టు, ఆ శాంపిల్ ఇచ్చాక మూడు నెలల ఆగుడు అదనం.

వెట్ దగ్గరికి వెళ్లే ముందే ఫోన్ చేసి ఇది ఏ దేశం నుంచి వచ్చిన కుక్కో చెప్పండి, గ్లవ్స్ అవీ వాళ్లు సిద్ధం చేసుకుంటారు. బ్రూసెల్లా రెండో టెస్టు రిపోర్టు వచ్చేదాకా మూత్రం తుడిచేటప్పుడు మీరూ గ్లవ్స్ వేసుకోండి, పార్కులో వేరే కుక్కలతో కలపకండి. ఈ మధ్యలో ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చి పోతూ ఉంటే జీపీకి (మీ ఫ్యామిలీ డాక్టర్‌కి) కుక్క సంగతి మీ అంతట మీరే చెప్పండి, ఆయన అడగడు.