అమ్మడూ, ముందు నెమ్మదిగా నడపడం నేర్చుకో

అమ్మడూ,

వచ్చే నెల నీకు పద్దెనిమిది నిండుతాయనీ, ఆ వారంలోనే బండి నేర్చుకోవడానికి ఇచ్చే లైసెన్సుకు, అంటే ఎల్‌ఎల్‌ఆర్‌కు దరఖాస్తు పెడతావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎవరో ఏజెంటు వచ్చి "అమ్మాయి ఒకసారి కనబడితే చాలు, మిగతాదంతా నేను చూసుకుంటాను" అన్నాడట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

నాకు లైసెన్సు అలాగే వచ్చింది. 1993లో, పల్లెల్లో టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్తగా, అంటే ఏఎన్‌ఎంగా చేరిన రెండో ఏడు. రోజూ కాలువ గట్ల వెంట ఊళ్ళు తిరగాలి, బస్సులు అంతంత మాత్రం, అప్పు చేసి మోపెడ్ కొన్నాను. ఒకాయనకు డబ్బిచ్చి చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను. పరీక్ష అంటే తిన్నగా పది గజాలు వెళ్ళి ఆగడమే. రెండు నెలలు తిరిగేసరికి దాళ్వా (రెండో పంట వరి) కోతలు వచ్చాయి. గట్టు రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోశారు, ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తోంది. అలాంటప్పుడు బండిని నడక వేగానికి తెచ్చి, కాలు దించకుండా, ఉన్న కాస్త దారిలోంచి తీసుకుపోవాలి. నాకు ఆ విద్య రాదు. కంగారులో ముందు బ్రేకు బిగించి పట్టుకున్నాను. చక్రం ధాన్యం మీద జారింది. ఎడమ చెయ్యి విరిగింది, టీకా డబ్బా కాలువలో పడిపోయింది. ఆ రోజు పిల్లల్ని ఎత్తుకుని తల్లులు మధ్యాహ్నం దాకా నాకోసం కూర్చున్నారని తరువాత తెలిసింది. చెయ్యి అతుక్కుంది గానీ, ఆ తల్లుల సంగతి తలచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

మొన్న మీ వదిన పరీక్షకు తోడు వెళ్ళాను. ఇప్పుడు ట్రాకు మీద ఎనిమిది అంకె గీసి ఉంటుంది. కాలు నేలకు ఆనకుండా, గీత దాటకుండా దాని మీద తిరగాలి. కొన్ని చోట్ల కెమెరాలు, సెన్సార్లు కూడా పెట్టారు. అక్కడ తప్పును యంత్రమే పట్టేస్తుంది, పక్కనుంచి ఎవరు ఎంత చెప్పినా లాభం లేదు. కాలేజీకి రయ్యిమని వెళ్ళే కుర్రాళ్ళు ఆ రెండు వంపుల దగ్గర కాలు దించేస్తుంటే చూశాను. ఈ పరీక్ష అన్యాయం అని బయట గొణుక్కుంటున్నారు. నాకు మాత్రం అది చాలా న్యాయంగా కనిపించింది. 1993లో నా చేత ఎవరైనా ఆ ఎనిమిది తిప్పించి ఉంటే, ధాన్యం మీద నేను పడి ఉండేదాన్ని కాదు.

కాబట్టి నా మాట విని దరఖాస్తు నువ్వే పెట్టుకో. రవాణా శాఖ సారథి పోర్టల్‌లో వివరాలు నింపి స్లాట్ తీసుకోవడం నీకు కష్టం కాదు. 2019లో చట్టం మార్చాక రాష్ట్రంలో ఏ ఆర్టీవో ఆఫీసులోనైనా దరఖాస్తు చేసుకునే వీలు వచ్చింది, కాబట్టి కాకినాడలో చదువుకుంటున్నానని బెంగపడనక్కరలేదు. "గేర్లు ఉన్న మోటారు సైకిల్" అన్న తరగతినే ఎంచుకో. గేర్లు లేని స్కూటరు లైసెన్సుతో మీ నాన్న బండి తీస్తే అది లైసెన్సు లేనట్టే. దానికి జరిమానా 5,000 రూపాయలు.

కంప్యూటర్ ముందు కూర్చుని రాసే పరీక్షలో నూటికి అరవై ప్రశ్నలకు సరైన జవాబు పెడితే ఎల్‌ఎల్‌ఆర్ వస్తుంది. రోడ్డు గుర్తులు రెండు రోజులు చదివితే చాలు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. ముప్పై రోజులు నిండాకే అసలు పరీక్షకు వెళ్ళగలవు. ఆ ముప్పై రోజులనూ ఎదురుచూపుగా గడిపేయకు, తల్లీ. బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర ఎల్ అక్షరం కట్టుకో. స్నేహితురాళ్ళు ఎంత బతిమాలినా వెనక ఎక్కించుకోకు. నేర్పేవాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ రోజుల్లో నీ వెనక కూర్చోకూడదు.

ఎనిమిది తిప్పే పద్ధతి చెబుతాను, మీ అన్నయ్యకూ వదినకూ నేనే నేర్పాను. మొదటి గేరులో, క్లచ్ సగం వదిలి సగం పట్టుకుని, వేగాన్ని దానితోనే తగ్గిస్తూ పెంచుతూ ఉండాలి. ఎక్సలేటర్‌ను ఊరికే తిప్పుతూ ఉంటే బండి కుదుపులు తింటుంది. కుడి పాదం వెనక బ్రేకు మీద ఈక ఆనించినట్టు ఉండాలి. హ్యాండిల్ వంపు తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు ముట్టుకోవద్దు, బండి అక్కడికక్కడే ఒరిగిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం చూపు. చక్రం వంక చూస్తే కాలు దిగుతుంది. వంపు పూర్తయ్యే చోటు వైపు మెడ తిప్పి చూడు, బండి దానంతట అదే అటు తిరుగుతుంది. మొదటి వారం విసుగొస్తుంది, ముంజేతులు నొప్పి పెడతాయి. రెండో వారంలో ఒక్కసారిగా పట్టు చిక్కుతుంది, అది నీకే తెలుస్తుంది.

పరీక్ష రోజున ఎల్‌ఎల్‌ఆర్‌తో పాటు బండి ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉన్నాయో లేదో ముందే చూసుకో. ఒకవేళ తప్పితే దిగులు వద్దు, ఏడు రోజులు ఆగి మళ్ళీ వెళ్ళవచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం అరవై రోజులు ఆగి, డ్రైవింగ్ స్కూలులో మళ్ళీ శిక్షణ తీసుకోవాలి. ఆ శిక్షణ నియమం కూడా 2019 మార్పే. నాకు మంచిదే అనిపించింది.

ఆ ట్రాకు సిమెంటుది, మన రోడ్లు అలా ఉండవు. తొలకరి పడ్డ గంటకు గట్టు మీది ఒండ్రు మట్టి వెన్న రాసినట్టు ఉంటుంది. కాలువ వైపు గోడ ఉండదు. పొద్దుపోయాక వెనక దీపం లేకుండా కొబ్బరికాయల ట్రాక్టర్లు పోతుంటాయి, అవి దగ్గరికి వెళ్ళేదాకా కనిపించవు. సఖినేటిపల్లిలో గోదావరి దాటించే పంటు ఎక్కేటప్పుడు బండి మీద కూర్చుని ఎక్కించవద్దు, దిగి తోసుకుంటూ వెళ్ళు. అక్కడ చెక్కలు తడిసి ఉంటాయి. 216 జాతీయ రహదారి మీదికి మొదటి రెండు నెలలు ఒంటరిగా వెళ్ళవద్దు. దిండి, చించినాడల మధ్య వంతెన మీద పక్కగాలి లారీలతో కలిసి తోసేస్తుంది, చేతులు కుదిరాక చూడవచ్చు.

హెల్మెట్ విషయంలో మాత్రం నేను బతిమాలను, ఆజ్ఞ అనుకో. ఐఎస్ఐ గుర్తున్నదే కొను, గడ్డం కింద పట్టీ బిగించుకో. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది అని కేంద్రం లెక్కల్లో ఉంది. ఆ అంకె కన్నా, ప్రమాద కేసు వచ్చిన ప్రతిసారీ ఆరోగ్య కేంద్రంలో నేను తుడిచిన నెత్తురు నాకు ఎక్కువ గుర్తు. చున్నీ చివరలు వెనక చక్రంలో చిక్కుకోకుండా నడుముకు ముడి వేసుకో. బండికి చీర గార్డు ఉందో లేదో మీ నాన్నను చూడమను.

ఇంకొక మాట. మీ తమ్ముడికి పదిహేనేళ్ళు. వాడు అడిగినా, ఏడ్చినా తాళం ఇవ్వకు. మైనరు నడిపితే బండి యజమానికి 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు, వాడికి పాతికేళ్ళు వచ్చేవరకు లైసెన్సు రాదు. ఈ సంగతి మీ నాన్నకు నేనే చెబుతాను.

ఎల్‌ఎల్‌ఆర్ చేతికి రాగానే శని, ఆదివారాలు ఇక్కడికి వచ్చెయ్యి. కళ్ళంలో సున్నంతో ఎనిమిది గీయించి, గీత వెంట ఇటుకలు పెట్టిస్తాను. దాళ్వా నూర్పిళ్ళు మొదలయ్యేలోపే రా, ఆ తరువాత కళ్ళం ఖాళీ ఉండదు.

మీ పెద్దమ్మ