వీర్యం పలుచబడడానికి గంట దాటితే లోపమేనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. పెళ్లై మూడేళ్లయినా సంతానం లేదు. వీర్యపరీక్షలో కణాల సంఖ్య, కదలిక బాగానే ఉన్నాయి గాని, పలుచబడడానికి గంట దాటిందని రాశారు. పుష్యమాసం చలిలో, ఇంటి దగ్గర తీసిన నమూనాను బండి డిక్కీలో పెట్టుకుని ల్యాబుకు వెళ్లాను. ‘ప్రోటియేజ్ ఇన్హిబిటర్లు’ ఎక్కువై ఇలా జరిగిందని, జింకు మాత్రలు వాడమని తెలిసినాయన ఒకరు అన్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: వెలువడిన వెంటనే వీర్యం సెమినోజెలిన్ అనే మాంసకృత్తు వల్ల గడ్డకడుతుంది, ప్రోస్టేట్ గ్రంథి నుంచి వచ్చే పీఎస్ఏ అనే ఎంజైము ఆ గడ్డను ముక్కలుగా కోసి, మామూలుగా పావుగంట నుంచి అరగంటలోపు పలుచన చేస్తుంది. ఇలా మాంసకృత్తులను కోసేవే ప్రోటియేజులు, వాటికి పగ్గం వేసేవి ఇన్హిబిటర్లు. ఈ పగ్గం లేకపోతే ప్రమాదం ఎక్కువ. శుక్రకణం తలలో అక్రోసిన్ అనే ప్రోటియేజు ఉంటుంది. దాన్ని అదుపులో ఉంచే స్పింక్2 జన్యువు పూర్తిగా దెబ్బతిన్న పురుషుల వీర్యంలో కణాలే కనిపించలేదని 2017లో వెల్లడైంది. శుక్రకణాన్ని అంటిపెట్టుకుని సెమినోజెలిన్‌ను పట్టి ఉంచే ఎపిన్ అనే మాంసకృత్తు కూడా ఈ కోవలోదే. దానికి వ్యతిరేకంగా టీకా వేసిన 9 మగ కోతుల్లో 7 సంతానశక్తి కోల్పోయాయని, టీకా ఆపాక వాటిలో 5 కోలుకున్నాయని 2004లో ప్రచురించారు. కాబట్టి వీటిని తగ్గించే మందు కోసం వెతకకండి.

ఇక జింకు మాట వింటే నవ్వొచ్చింది: పీఎస్ఏకు పగ్గం వేసే వాటిలో ప్రోస్టేట్‌లోని జింకే ముఖ్యమైనది! పైగా 2,370 జంటలపై అమెరికాలో జరిగి 2020లో వెలువడిన పరీక్షలో జింకు, ఫోలిక్ ఆమ్లం కలిపి వాడినా వీర్యం మెరుగుపడలేదు, కాన్పులూ పెరగలేదు.

నా అనుమానమంతా మీ డిక్కీ మీదే. ఎంజైములు చలికి మందగిస్తాయి. నమూనా 20 నుంచి 37 డిగ్రీల మధ్య ఉండాలి. సగ్గుబియ్యం గింజల్లాంటి ముద్దలు కొన్ని కరగకుండా మిగిలినా అది లోపం కాదు. వీర్యం పోకుండా రెండు నుంచి ఏడు రోజులు ఎడం పాటించి, వీలైతే ల్యాబులోనే నమూనా ఇచ్చి మళ్లీ పరీక్ష చేయించండి. అప్పుడూ గంట దాటితే ప్రోస్టేట్‌లో ఇన్ఫెక్షన్ ఉందేమో యూరాలజిస్టు చూస్తారు. ఈలోగా మీ శ్రీమతి పరీక్షలు ఆపవద్దు. ఇంటి నుంచే తీసుకెళ్లక తప్పకపోతే డబ్బాను చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని, అరగంటలో ల్యాబులో అందేలా చూడండి.