యాంటీఎక్స్‌కు తెలుగు సాయం పేజీలు: ఎక్కడ షురూ చేయాలి?

ప్రశ్న: నల్లగొండ, దేవరకొండ వైపు బడుల్లో, దుకాణాల్లో పాత కంప్యూటర్లకు యాంటీఎక్స్ (పాత మెషిన్లలోనూ నడిచే తేలిక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించుకున్నం. వాట్సాప్ గ్రూపులో అడిగిందే అడుగుతున్నరు. తెలుగులో వికీ (అందరూ కలిసి రాసుకునే పేజీల సైట్) పెడదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తలేదు.

జవాబు: వికీ సంగతి తర్వాత. ముందు గ్రూపులో వచ్చిన ప్రశ్నలన్నీ అడిగినవాళ్ళ మాటల్లోనే ఒక షీట్‌లోకి ఎత్తండి. "వైఫై కనబడతలేదు", "పెన్‌డ్రైవ్‌తోని బూట్ అయితలేదు", "తెలుగు డబ్బాలు డబ్బాలుగా వస్తుంది". ఇవే పేజీల పేర్లు కావాలి. "నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్" అని పేరు పెడితే వైఫై రానివాడు దాన్ని ముట్టుకోడు. మొదట పది పేజీలు చాలు. ముందే అధ్యాయాలు, ఉపశీర్షికలు గీసుకుని కూర్చుంటే సగం ఖాళీగానే ఉండిపోతయి.

తెలుగు డబ్బాల పేజీ అన్నిటికంటే ముందు రాయాలి. ఫాంట్ లేని మెషిన్‌లో మీ తెలుగు పేజీలేవీ చదవరావు కదా! అందులో ఉండేది ఒక్క మాటే: సినాప్టిక్‌లో (ప్యాకేజీలు, అంటే ప్రోగ్రామ్‌లు, ఫాంట్లు ఎక్కించే టూల్) 'ఫాంట్స్-లోహిత్-తెలు' వేసి బ్రౌజర్ మూసి తెరవాలి. ఆ ఒక్క పేజీని పీడీఎఫ్‌గా కూడా పెట్టండి, దాంట్లో ఫాంట్ లోపలే ఉంటది.

ప్రతి పేజీ నెత్తిన నాలుగు సంగతులు రాయాలి: ఏ వెర్షన్, 32 బిట్టా 64 బిట్టా, ఇనిట్ (బూట్ అయ్యేటప్పుడు సర్వీసులను షురూ చేసే ప్రోగ్రామ్) ఏది, ఎప్పుడు పరీక్షించారు. ఇనిట్ దగ్గరే ఆగమాగం అయితది. ఉబుంటు లాంటి చాలా లినక్స్‌లలో ఉండే సిస్టమ్‌డీ అనే ఇనిట్ యాంటీఎక్స్‌లో ఉండదు. 23వ వెర్షన్ సిస్‌వీ, రన్‌ఇట్ అని రెండు రకాలుగా వచ్చింది. ఉబుంటు పేజీలోని 'సిస్టమ్‌సీటీఎల్' కమాండ్ తెచ్చి ఇక్కడ కొడితే "కమాండ్ నాట్ ఫౌండ్" అంటది. కొత్తవాళ్ళు ఇన్‌స్టలేషనే చెడిందనుకుని మళ్ళీ మొదటికొస్తరు. సిస్‌వీకి 'సర్వీస్', రన్‌ఇట్‌కు 'ఎస్‌వీ', రెండు కమాండ్లూ పక్కపక్కన రాయండి. 32 బిట్ మెషిన్ల పేజీలు కూడా విడిగా ఉండాలి. యాంటీఎక్స్ 23 డెబియన్ అనే లినక్స్ 12వ వెర్షన్ మీద కట్టింది. 2025లో వచ్చిన డెబియన్ 13 నుంచి 32 బిట్ పీసీలకు డెబియన్ ఇన్‌స్టాలర్, కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటిది) రెండూ ఆపేసింది.

హార్డ్‌వేర్ పేజీలకు ల్యాప్‌టాప్ మోడల్ పేరు పెట్టొద్దు, చిప్ ఐడీ (కార్డులోని చిప్‌ను గుర్తుపట్టే నంబరు) పెట్టండి. ఒకే మోడల్‌లో వేర్వేరు వైఫై కార్డులు వస్తయి. బ్రాడ్‌కామ్ బీసీఎం4312 అనే వైఫై చిప్ సంగతే చూడండి. ముందు చిప్‌ల ఐడీలు చూపే 'ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్' కమాండ్ కొట్టించి, 14ఈ4:4315 అని కనబడితేనే ముందుకు పొమ్మనాలి. ప్యాకేజీ పేరు 'ఫర్మ్‌వేర్-బీ43-ఎల్‌పీఫై-ఇన్‌స్టాలర్', డెబియన్ కాంట్రిబ్ విభాగంలో ఉంటది. చిక్కేందంటే, ఆ ప్యాకేజీలో ఫర్మ్‌వేర్ (చిప్ నడవడానికి కావాల్సిన ఫైలు) ఉండదు. ఎక్కేటప్పుడు నెట్ నుంచి దించుకుంటది. వైఫై లేనివాడికి నెట్ ఎక్కడిది? అందుకే పేజీలో మొదటి మెట్టు ఫోన్‌కు కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు ఇవ్వడం) ఆన్ చేయడం. ఇదే చిప్‌కు 'డబ్ల్యూఎల్' డ్రైవర్ కూడా ఉంది, కానీ అది, పై ఫర్మ్‌వేర్‌తో నడిచే బీ43 డ్రైవర్ ఒకదానికొకటి అడ్డం పడతయి. ఒక పేజీలో ఒకటే దారి చెప్పండి.

రాసినవాళ్ళే పరీక్షించొద్దు. ఇంకొకరు పర్సిస్టెన్స్ (చేసిన మార్పులు దాచిపెట్టుకునే ఏర్పాటు) లేని లైవ్ యూఎస్‌బీతో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే సిస్టమ్ నడిపే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి (యూజర్ 'డెమో', పాస్‌వర్డ్ 'డెమో', రూట్ పాస్‌వర్డ్ 'రూట్') పేజీలో ఉన్నది ఉన్నట్టే చేయాలి. రాసినవారి మెషిన్‌లో ఎప్పుడో వేసుకున్న ప్యాకేజీ ఒకటి ఉండనే ఉంటది, పేజీలో తప్పిపోయేది ఆ మెట్టే.

కమాండ్లను కోడ్ బ్లాక్‌లోనే పెట్టాలి. ఫోన్‌లో టైప్ చేస్తే కొన్ని కీబోర్డులు రెండు హైఫన్లను కలిపి పొడుగు గీత చేస్తయి, కోట్ గుర్తుల్ని వంపు తిప్పుతయి. కంటికి తేడా తెల్వదు, టెర్మినల్ మాత్రం ఒప్పుకోదు. ప్రశ్న అడిగేవాళ్ళతో మెషిన్ వివరాలు చూపే 'ఇన్‌క్సీ -ఎఫ్‌జడ్' కమాండ్ ఫలితం పెట్టించండి. జడ్ ఉంటే మ్యాక్ అడ్రస్‌లు, ఐపీలు దాస్తది.

ఇక ఎక్కడ పెట్టాలంటే, గిట్ (ఫైళ్ళలో మార్పులను లెక్కపెట్టుకునే టూల్) తెలిసినవాళ్ళు లేకుంటే డోకువికీ అనే వికీ సాఫ్ట్‌వేర్. డేటాబేస్ లేదు, అన్నీ టెక్స్ట్ ఫైళ్ళే, ఫోల్డర్ కాపీ చేసుకుంటే బ్యాకప్ అయిపోయినట్టే. గిట్ వచ్చినవాళ్ళు ఇద్దరైనా ఉంటే ఎంకేడాక్స్ (టెక్స్ట్ ఫైళ్ళను వెబ్ పేజీలుగా చేసే టూల్) మంచిది, నెట్ లేని ఊళ్ళకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేయొచ్చు. అట్ల ఇచ్చేటప్పుడు దాని సెట్టింగుల్లో 'యూజ్_డైరెక్టరీ_యూఆర్ఎల్స్'ను ఫాల్స్ చేయాలి, లేకపోతే లింకు నొక్కితే పేజీకి బదులు ఫోల్డర్ తెరుచుకుంటది. పెన్‌డ్రైవ్ నుంచి తెరిస్తే మామూలు థీమ్‌లో సెర్చ్ కూడా పనిచేయదు కాబట్టి పేజీల పట్టిక చేత్తో రాయక తప్పదు.

పాత పేజీని తీసేయొద్దు, పైన "ఈ వెర్షన్‌కు మాత్రమే" అని రాసి కొత్తదానికి లింకు ఇవ్వండి. వాట్సాప్‌లో తిరిగే లింకులు ఏళ్ళ తరబడి అట్లనే తిరుగుతయి. లైసెన్సు మొదటి రోజే తేల్చుకోండి. క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ 4.0 పెట్టుకుంటే ఆర్చ్‌వికీ (ఆర్చ్ లినక్స్ వాళ్ళ వికీ) పేరాలు అనువదించి కలపడానికి వీలుండదు, దానిది గ్నూ జీఎఫ్‌డీఎల్ అనే వేరే లైసెన్సు, రెండూ కలవవు. అక్కడ చదివి అర్థం చేసుకుని, మీ మెషిన్‌లో చేసి చూసి, సొంత మాటల్లో రాస్తే ఏ లొల్లీ లేదు.