బొంతలోకి స్పాంజి ఎందుకు చెల్లీ?

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ. ఎండాకాలం సెలవుల్లో ఏదో ఒక ఆదివారం పొద్దున్నే సద్ది కట్టుకుని పిల్లలతో సాగర్‌కో, డిండి ప్రాజెక్టుకో పోతుంటాం. పోయినేడు షాపులో మెత్తటి షీటు ఒకటి కొన్నాను, కూర్చుంటే ఒకటే చెమట, పైగా జారుడు. ఈసారి పాత చీరలతో నేనే బొంత కుడదామనుకుంటున్నా. వీడియోల్లో చూస్తే మధ్యలో స్పాంజి పెట్టమంటున్నారు, అడుగున రెగ్జిన్ వేస్తే తడి రాదంటున్నారు. మా అత్తమ్మేమో బొంత పట్టుకుని బయటికి పోతే నలుగురు నవ్వుతారంటున్నది. మిషన్ ఉంది, జాకెట్లు కుట్టుకునేంత వచ్చు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ స్పాంజిని పక్కన పెట్టు చెల్లీ. నేనూ ఒకసారి ఆ మోజులో పడ్డదాన్నే. స్పాంజి పెట్టి, కింద రెగ్జిన్ వేసి కుడితే చూడ్డానికి మస్తుగా వచ్చింది, తీసుకుపోయిన మొదటి రోజే దాని మీద మజ్జిగ చెంబు ఒలికింది. ఇంటికొచ్చి ఉతికితే నీళ్లు తాగి బండరాయంత బరువైంది, ఇద్దరం చెరో కొస పట్టి పిండినా లొంగలేదు, పైన ఎండినట్టే ఉంటది గానీ లోపల తడి, మూడో రోజుకు ముక్కవాసన. రెగ్జిన్ సంగతి ఇంకా విచిత్రం. సూది దిగిన ప్రతిచోటా చిల్లే కదా, వందల చిల్లులు పెట్టి ఇక అది నీళ్లు ఆపుతుందంటే ఎట్లా? అసలు స్పాంజి గానీ పాలిస్టర్ దూది గానీ చేసే పని గాలిని లోపల పట్టి ఉంచి వెచ్చగా ఉంచడం. చలికాలం రజాయికి అది కావాలి, మే నెలలో మనకెందుకు? నేనైతే ఒక్కటే లెక్క చూస్తాను: తడిసిన బొంతను నువ్వొక్కదానివే పిండి దండెం మీద వేయగలగాలి. అంతకు మించి మందం వద్దు.

రెండు నూలు చీరలు, ఒక పాత డబుల్ కాట్ దుప్పటి చాలు. చీర ఐదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు. ఏడేసి అడుగుల ముక్కలు రెండు తీసి పక్కపక్కన జోడిస్తే ఇంచుమించు ఏడడుగుల చదరం వస్తుంది, మిగిలిన నాలుగడుగులు అంచు పట్టీకి, నాడాలకు. పైకి మంచి చీర వేసి, బాగా నలిగిన చీర మధ్యలో పెట్టు. చీర ఎప్పుడైనా కుచ్చిళ్ల దగ్గర, మడమ తగిలే కింది అంచు దగ్గర ముందు చీకిపోతుంది, ఆ భాగం పైకి వచ్చిందంటే మొదటి ఉతుకుకే చిరుగుతుంది. మధ్య పొరను అడ్డంగా తిప్పి పరుచు, అప్పుడు జోడింపు కుట్లు ఒకదాని మీద ఒకటి పడవు. దుప్పటి అడుగుకు, ముదురు రంగుదైతే మట్టి కనపడదు. జరీ అంచులు కత్తిరించెయ్, పిల్లల కాళ్లకు గీసుకుంటాయి. సిల్కు, సింథటిక్ చీరలు ఇందులో కలపకు. నూలు ఒక తీరు ముడుచుకుంటుంది, అవి ఇంకో తీరు, ఉతికాక బొంత మొత్తం ముడతలు పడి అప్పడంలా అవుతుంది.

కుట్టే ముందు అన్నీ ఒకసారి ఉతికి ఆరెయ్. ఎరుపు, నీలం చేనేత చీరలుంటే తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడు, రంగు అంటుకుంటే దాన్ని విడిగా ఇంకో నాలుగుసార్లు ఉతకాలి. అప్పటికీ వదులుతుంటే వద్దు, ఏమైనా అనుకో, మా ఇంట్లో గులాబీ రంగు లుంగీలు ఉన్నాయి.

ఇంక కుట్టు. హాల్లో సామాన్లు జరిపి మూడు పొరలూ నేల మీద పరిచి, ముడతల్లేకుండా చేత్తో లాగి, నడిమి నుంచి అంచుల వైపు పొడుగు పొడుగు కచ్చా కుట్లు వెయ్. ఈ పనికి బద్ధకించి పిన్నీసులతో సరిపెడదామనుకుంటావు, అక్కడే చెడుతుంది. మిషన్ పళ్లు కింది పొరను ముందుకు లాగుతాయి, పాదం కింద పై పొర వెనకబడుతుంది, చివరికి వచ్చేసరికి జానెడు బట్ట మిగిలిపోతుంది. సూది 16 నంబరు పెట్టు, కుట్టు పొడుగు పెంచు, బొంతను రెండు వైపులా చాపలా చుట్టి మధ్య గీత నుంచి మొదలుపెట్టు. మూడంగుళాలకో వరస చాలు.

నన్నడిగితే చేతికుట్టే మేలు. మిషన్ కుట్టు గట్టిగా బిగుస్తుంది, దబ్బనంతో కాకుండా మామూలు పొడుగు సూదితో నూలు దారం పెట్టి వదులుగా కుడితే ఆ మెత్తదనం వేరు. దాదాపు 28 వరసలు వస్తాయి, రోజుకు రెండు వేసినా పదిహేను రోజుల్లో అయిపోతుంది. నారాయణపేట గళ్ల చీర ఉంటే పైకి అదే వెయ్, గీత గీసుకునే పని కూడా ఉండదు, గళ్ల వెంట సూది పోనిస్తే చాలు. దారం ముడులు పైకి కనపడకుండా పొరల మధ్యకు లాగెయ్.

తడికి వేరే దారి ఉంది. ఖాళీ బియ్యం బస్తాలు నాలుగు విప్పి కుట్టి పట్టాలా చేసి, బొంత కింద విడిగా పరుచుకో. మన రైతులు చేసే పనే. యూరియా బస్తాలైతే బాగా కడిగాకే. అత్తమ్మ మాటకు టెన్షన్ పడకు, మొదటిసారి పరిచినప్పుడు ముందు ఆమెనే కూర్చోబెట్టు.

ప్రశ్న: మేడమ్, మాది మిర్యాలగూడ. మా అమ్మ కుట్టిన బొంత బయటికి తీసుకుపోతే పల్లేరుకాయలు, గడ్డి గింజలు గుచ్చుకుని ఇంటిదాకా వస్తున్నాయి. గాలికి కొసలు కూడా లేస్తున్నాయి.

జవాబు: తమ్ముడూ, ఉతికే ముందే ఎండలో దులిపి ఏరెయ్యాలి, తడిశాక గింజ బట్టలోకి ఇంకా దిగుతుంది. పాత దువ్వెనతో గీస్తే సగం పోతాయి. నాలుగు మూలలా జేబుల్లా చిన్న గుడ్డముక్కలు కుట్టాలి, అక్కడికి పోయాక వాటిలో తలా ఒక రాయి వేస్తే కొసలు లేవవు. ఈ రెండో పని అమ్మకు చెప్పకుండా నువ్వే కుట్టు, కష్టమేం కాదు.

ప్రశ్న: అక్కా, అచ్చంపేట నుంచి. చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలో సలేశ్వరం జాతరకు పోతున్నాం. బొంత తీసుకుపోవచ్చా?

జవాబు: వద్దు. రాళ్ల దారిలో దిగాలి, మళ్లీ ఎక్కాలి, ఆ ఎండలో మోసేది ముందు నీళ్లే. కూర్చోడానికి ఒక పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి చుట్టూ ఒక్క కుట్టు వేసుకో, నడిచేటప్పుడు తడిపి తలకు కూడా చుట్టుకోవచ్చు.